కాటేదాన్, మూసీ తీరాల్లో నేల కాలుష్యం

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన కాటేదాన్ పారిశ్రామిక వాడ ఉంది. పాతబస్తీ ఉత్తరపు అంచున మూసీ పారుతుంది. సీసం, ఆర్సెనిక్, క్రోమియం, జింక్, నికెల్, కాడ్మియం వంటి పారిశ్రామిక కాలుష్యాలు నేలలోకి, అక్కడి నుంచి మొక్కల్లోకి, ఆహారంలోకి ఎలా చేరతాయో దక్షిణ భారతంలో బాగా పరిశోధన జరిగిన ప్రాంతాల్లో ఇదొకటి. కాటేదాన్‌లో కాలుష్యానికి ప్రధాన మూలం నేల మీద పోసిన ఘన వ్యర్థాలు, మూసీ తీరంలో సాగుకు పారించే మురుగునీరు. దారులు వేరైనా రెండు చోట్లా లోహాలు చివరికి పైమట్టిలోనే నిలుస్తాయి. సేంద్రియ వ్యర్థాల్లా లోహాలు కుళ్లవు, కాలిపోవు, సూక్ష్మజీవులు వాటిని విడగొట్టలేవు. అందుకే మూలాన్ని తొలగించకుండా చేసే ఏ శుద్ధీ నిలవదు.

ప్రాంత నేపథ్యం

కాటేదాన్ రంగారెడ్డి జిల్లా రాజేంద్రనగర్ మండలంలో, మీర్ ఆలం చెరువుకు దక్షిణాన, బెంగళూరు రహదారికి చేరువలో ఉంది. ఇక్కడి రాతి పునాది ఆర్కియన్ కాలపు గ్రానైట్, పెగ్మటైట్. దాని మీద ఎక్కువచోట్ల ఇసుక పాలు హెచ్చుగా ఉన్న పలుచని ఎర్ర నేల, పల్లాల్లో అక్కడక్కడ నల్ల నేల కనిపిస్తాయి. ఇసుక నేలల్లో బంకమట్టి, సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి లోహాలను పట్టి ఉంచే శక్తి కూడా తక్కువే. భూగర్భజలం శిథిలమైన రాతి పొరలోనూ, కింది రాతి పగుళ్లలోనూ నిలుస్తుంది. పగుళ్ల గుండా దిగే నీరు మట్టిలో వడకట్టుకునే అవకాశం అంతగా లేకుండానే బోర్లకు చేరగలదు.

ఈ ప్రాంతంలో వాననీటిని పట్టేవి చెరువులు, కుంటలు. పైకుంట నిండి అలుగు పారితే నీరు కింది చెరువుకు పోయేలా వాటిని గొలుసుకట్టుగా కట్టారు. వ్యవసాయానికి మేలు చేసిన ఈ ఏర్పాటే, ఎగువన కర్మాగారాలు వెలిశాక, కాలుష్యం దిగువకు పాకే దారి అయింది. కాటేదాన్ వ్యర్థాలు చేరిన నూర్ మహమ్మద్ కుంట ఇందుకు ఉదాహరణ.

మూసీ వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు వరదలో వేలాది మంది చనిపోయిన తర్వాత నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు వచ్చాయి. ఎగువ నీరు వాటిలో ఆగిపోవడంతో, వరద రోజులు మినహా నగరంలో మూసీ పారుదల క్రమంగా మురుగునీటి మీదే ఆధారపడింది. ఇళ్ల మురుగుతో పాటు కర్మాగారాల వ్యర్థజలం కూడా నాలాల ద్వారా అందులోకే చేరుతూ వచ్చింది.

కాటేదాన్ అధ్యయనం

జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నార్వే శాస్త్రవేత్తలతో కలిసి, భారత్–నార్వే సంస్థాగత సహకార కార్యక్రమం కింద 2002, 2003 సంవత్సరాల్లో కాటేదాన్ నేలను పరీక్షించారు. అప్పటికి అక్కడ సుమారు 300 పరిశ్రమలు ఉండేవి. బట్టల అద్దకం, వంటనూనెల తయారీ, బ్యాటరీలు, లోహపు పూత, రసాయనాలు వాటిలో ముఖ్యమైనవి. చాలా యూనిట్లు వ్యర్థజలాన్ని శుద్ధి చేయకుండా బయలు నేల మీదికో గుంటల్లోకో వదులుతున్నాయని, ఘన వ్యర్థాలను రోడ్ల పక్కన, ఖాళీ జాగాల్లో పోస్తున్నాయని అధ్యయనం నమోదు చేసింది.

పారిశ్రామిక వాడ అంతటి నుంచి, దిగువనున్న నివాస ప్రాంతాల నుంచి మట్టి నమూనాలు తీసి, ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పద్ధతిలో 14 లోహ మూలకాలను కొలిచారు. వానాకాలానికి ముందూ తర్వాతా నమూనాలు సేకరించారు. 2008లో వెలువడిన ఫలితాల సారాంశం ఇది:

పారిశ్రామిక వాడలో అత్యధిక భాగం ఆర్సెనిక్, సీసం, జింక్‌లతో తీవ్రంగా కలుషితమైంది. క్రోమియం, రాగి, నికెల్ కొన్నిచోట్ల మాత్రమే హద్దు దాటాయి. కాడ్మియం విస్తారంగా కనిపించినా ప్రమాణాన్ని మించలేదు. పోలికకు కెనడా నేల నాణ్యత ప్రమాణాలను తీసుకున్నారు. ఆ ప్రమాణాల్లో ఆర్సెనిక్‌కు కిలో మట్టిలో 12 మిల్లీగ్రాములు హద్దు. సీసానికి నివాస నేలలో 140, పారిశ్రామిక నేలలో 600 మిల్లీగ్రాములు.

నివాస ప్రాంతాల్లోనూ ఆర్సెనిక్ హద్దు దాటింది. అయితే ఆర్సెనిక్, క్రోమియంల సహజ స్థాయే ఈ నేలలో ప్రమాణాన్ని మించి ఉంది. రాతి ఖనిజాల్లో బిగుసుకున్న లోహం నీటిలోకి, వేరులోకి అంత తేలిగ్గా రాదు. కర్మాగారం నుంచి వచ్చిన లోహం వస్తుంది. కాబట్టి రెండింటినీ ఒకే కొలతతో తూచరాదని పరిశోధకులు స్పష్టం చేశారు.

వానల ముందరి, తర్వాతి నమూనాలను పోలిస్తే ఆర్సెనిక్, కాడ్మియం, సీసం ఎక్కువగా కదులుతున్నాయని, అవి భూగర్భజలాన్ని చేరవచ్చని తేలింది. మిగతా లోహాలు దాదాపు ఉన్నచోటే స్థిరంగా ఉన్నాయి.

వ్యాప్తి గురించిన నిర్ధారణ మరీ ముఖ్యమైనది. పారిశ్రామిక వాడలో విచ్చలవిడిగా పోసిన వ్యర్థాలను వాన, గాలి చుట్టుపక్కలకు చేరవేశాయి. నివాస ప్రాంతాల దాకా వాన, గాలి మాత్రమే అంత లోహాన్ని మోసుకెళ్లి ఉండవని, అక్కడ ప్రధాన మూలం స్థానికంగా తెచ్చి పోసిన వ్యర్థాలే కావచ్చని అధ్యయనం అంచనా వేసింది. పొగగొట్టాల నుంచి వెలువడేది గణనీయంగా ఉంటే ఆర్సెనిక్, కాడ్మియం, సీసం వ్యాప్తికి అదీ తోడవుతుంది. అంటే ఈ కాలుష్యంలో పెద్ద వాటా మనుషులు తెచ్చి పోసిందే. మనుషులు తెచ్చిపోసిన దాన్ని మనుషులు ఎత్తివేయనూ గలరు.

పారిశ్రామిక వాడలోనే పెద్ద సంఖ్యలో జనం స్థిరంగా నివసిస్తున్నందున పరిస్థితి మరింత తీవ్రమని కూడా అధ్యయనం హెచ్చరించింది.

నేలలో రసాయనాల కదలిక

మట్టిలో చేరిన లోహమంతా ఒకే తీరుగా ఉండదు. కొంత మట్టి మధ్యనున్న తేమలో కరిగి ఉంటుంది. కొంత బంకమట్టి రేణువులకు, సేంద్రియ పదార్థానికి అంటుకుంటుంది. కొంత ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లతో జతకడుతుంది. మిగిలింది ఖనిజ స్ఫటికాల్లో చిక్కుకుని ఉంటుంది. వేరు తాగగలిగేది మొదటి భాగాన్నే. మిగతా భాగాల నుంచి లోహం తేమలోకి ఎంత తేలిగ్గా వస్తుందన్న దాని మీద ముప్పు ఆధారపడుతుంది.

ఆమ్లత్వం ఇందులో అన్నిటికన్నా ముఖ్యం. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, సీసం, కాడ్మియం, జింక్ ధనావేశ అయాన్లుగా వాటిని పట్టుకుని ఉంటాయి. బ్యాటరీ ఆమ్లమో, లోహపు పూత యూనిట్ ఆమ్లజలమో నేలలో పడితే హైడ్రోజన్ అయాన్లు వాటి చోటును ఆక్రమిస్తాయి, లోహాలు విడివడి నీటిలోకి వస్తాయి. ఆర్సెనిక్ తీరు ఇందుకు భిన్నం. అది ఎక్కువగా రుణావేశ రూపంలో ఉంటుంది కాబట్టి, సీసాన్ని కట్టిపడేసే సున్నం ఒక్కోసారి ఆర్సెనిక్‌ను వదులు చేస్తుంది.

క్రోమియం విషయంలో అది ఏ రూపంలో ఉందన్నదే ప్రధానం. మూడో సంయోజకతలో ఉన్నది దాదాపు కదలదు. ఆరో సంయోజకతలో ఉన్నది నీటిలో సులువుగా కరుగుతుంది, క్యాన్సర్ కారకం కూడా. లోహపు పూతలో వాడేది ఎక్కువగా రెండో రూపమే. సేంద్రియ పదార్థం దండిగా ఉన్న మట్టి దాన్ని మెల్లగా మొదటి రూపానికి మారుస్తుంది.

నీటి నిల్వ కూడా లోహాల తీరును మారుస్తుంది. వరి మడిలో నీరు నిలిచి ప్రాణవాయువు తగ్గితే ఇనుము ఆక్సైడ్లు కరిగి, వాటిని అంటుకున్న ఆర్సెనిక్ బయటపడుతుంది. అదే మడి ఆరితే ఆర్సెనిక్ తగ్గి, కాడ్మియం వేరుకు ఎక్కువగా అందుతుంది. రెండూ ఉన్న నేలలో నీటి యాజమాన్యం ఒక్కటే పరిష్కారం కాలేకపోవడానికి ఇదే కారణం.

మొక్కలోకి ప్రవేశం

లోహాలు మొక్కను చేరే దారులు రెండు: వేరు, ఆకు. పోషకాలను తీసుకునే ద్వారాల గుండానే విషలోహాలూ వేరులోకి ప్రవేశిస్తాయి. రసాయన స్వభావంలో జింక్, మాంగనీసులను పోలిన కాడ్మియం వాటి వాహక ప్రొటీన్ల ద్వారా లోపలికి వస్తుంది. ఆర్సెనేట్ ఫాస్ఫేట్ దారిలో, నీరు నిలిచిన నేలలో ఏర్పడే ఆర్సెనైట్ వరిలో సిలికాన్ దారిలో వెళ్తాయి. మురుగునీటిలోని ఉప్పు కాడ్మియంను మరింత చురుకుగా కదిలిస్తుంది, ఎందుకంటే క్లోరైడ్‌తో జతకట్టిన కాడ్మియం మట్టి రేణువులకు అంతగా అంటుకోదు.

వేరు లోపలి పొరలో ఉండే కాస్పేరియన్ పట్టీ చాలా లోహాలను అడ్డుకుంటుంది. సీసం, క్రోమియం అధికభాగం వేర్లలోనే ఆగిపోతాయి. కాడ్మియం మాత్రం ఆకుల దాకా ఎక్కుతుంది. రాగి, జింక్ మితిమీరితే మొక్కే ఆకులు పసుపెక్కి గిడసబారుతుంది కాబట్టి, మనుషులకు హాని చేసేంత మోతాదు చేరేలోపే పంట దెబ్బతిని హెచ్చరిక అందుతుంది. కాడ్మియం అలాంటి హెచ్చరిక ఇవ్వదు. మొక్కకు ఏ హానీ కనిపించకుండానే, తినేవారికి ముప్పు కలిగించే స్థాయికి చేరగలదు. ఏపుగా, పచ్చగా ఎదిగిన ఆకుకూరను చూసి నేల మంచిదని నిర్ధారించలేం.

ఆకుల మీది సీసం చాలావరకు బయటి నుంచి పడిన దుమ్మే. తోటకూర, పాలకూర వంటి వెడల్పాకు కూరలు, నేలకు దగ్గరగా పెరిగే కొత్తిమీర, పుదీనా దాన్ని ఎక్కువగా పట్టుకుంటాయి. ధారగా పారే నీటిలో రెండు మూడుసార్లు కడిగితే ఈ భాగం చాలావరకు పోతుంది. వేరు ద్వారా లోపలికి చేరిన లోహం కడిగినా, ఉడికించినా పోదు.

సాధారణంగా ఒకే నేలలో ఆకుకూరలు, దుంపల కన్నా టమాటా, వంకాయ, బెండ, సొర వంటి కాయగూరల్లో లోహాలు తక్కువగా చేరతాయి. సేంద్రియ కాలుష్యాల తీరు వేరు. కొవ్వులో కరిగే పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్ల వంటివి వేరు తొక్కకే ఎక్కువగా అంటుకుంటాయి, కాబట్టి దుంపకూరల తొక్క తీయడం వల్ల ప్రయోజనం ఉంటుంది.

మూసీ నీటి సాగు

నగరం దాటాక మూసీ మీద కత్వలు (చిన్న ఆనకట్టలు) కట్టి, కాలువల ద్వారా పొలాలకు నీరు మళ్లించే పద్ధతి పాతదే. మురుగు పెరిగిన కొద్దీ ఏడాది పొడవునా నీరు దొరికింది, అందులోని నత్రజని, భాస్వరం ఎరువుల ఖర్చు తగ్గించాయి. కరువు నేలలో చిన్న రైతుకు, కౌలు రైతుకు, రోజుకూలి మీద గడ్డి కోసే ఆడవాళ్లకు అది నిలకడైన ఆదాయం. అందువల్ల ఈ సాగును కేవలం నేరంగా చూడటం అన్యాయం. నీటిని పాడుచేసింది వాళ్లు కాదు.

నీటిలో ఉప్పు శాతం పెరిగి వరి దిగుబడి పడిపోయిన చోట్ల రైతులు పారా గడ్డికి మారారు. చిత్తడి నేలను, ఉప్పును తట్టుకునే ఈ గడ్డిని ఏడాదిలో పలుమార్లు కోయవచ్చు. నగరంలోని తబేలాల గేదెలకు అదే పచ్చిమేత. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2000 దశకం ఆరంభం నుంచి ఈ మార్పును నమోదు చేశారు.

మూసీ నీటితో పండించిన కూరగాయలపై 2008లో వెలువడిన ఒక అధ్యయనం వాటిని జలాశయం నీటితో పండించిన కూరగాయలతో పోల్చింది. రెండింటి మధ్య తేడా స్పష్టంగా కనిపించింది. ఇతర కూరగాయల కన్నా ఆకుకూరల్లో, అందులోనూ పాలకూర, తోటకూరల్లో లోహాలు ఎక్కువగా చేరాయి. జింక్, క్రోమియం, సీసం ప్రధానంగా ఆందోళన కలిగించే లోహాలుగా తేలాయి.

గడ్డి ద్వారా పశువు తిన్న సీసంలో పాలలోకి చేరేది కొద్ది భాగమే. ఎక్కువగా ఎముకలు, కాలేయం, మూత్రపిండాల్లో నిల్వ ఉంటుంది. కలుషిత మేత తిన్న పశువుల మాంసం, ముఖ్యంగా కార్జం, గుర్దా పరీక్షల పరిధిలోకి రావాల్సిన కారణం ఇదే.

పటాన్‌చెరు అనుభవం

నగరానికి వాయవ్యాన ఉన్న పటాన్‌చెరు, బొల్లారం వాడల్లో ఇదే సమస్య ఔషధ, రసాయన పరిశ్రమల రూపంలో వచ్చింది. వ్యర్థజలం నక్కవాగు, ఇసుకవాగుల వెంట పొలాలకు, బావులకు చేరింది. స్థానిక వైద్యుడు అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు బాధిత గ్రామాల పక్షాన పోరాడారు. ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ 1990లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు మారి, 2017లో తీర్పు దాకా సాగింది.

పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం ప్రకటించింది. మందులకు లొంగని బ్యాక్టీరియా పుట్టుకకు ఇలాంటి నీరు, నేల నెలవులవుతాయన్న చర్చ ప్రపంచమంతటా మొదలైంది ఈ ఫలితంతోనే అనవచ్చు.

తర్వాత ఈ కేంద్రపు నీటిని 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగర మురుగు వ్యవస్థలో కలిపి, మూసీ ఒడ్డునున్న అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అలా పటాన్‌చెరు సమస్యకు మూసీతో నేరుగా లంకె పడింది. ఇళ్ల మురుగు కోసం కట్టిన జీవశుద్ధి కేంద్రాలు లోహాలను నాశనం చేయలేవు. అక్కడ లోహాలు నీటి నుంచి అడుగున పేరుకునే బురదలోకి మారతాయి. ఆ బురదను పరీక్షించకుండా ఎరువుగా వాడితే మళ్లీ పొలానికే చేరతాయి.

ఆరోగ్యంపై ప్రభావం

సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను, తెలివితేటలను దెబ్బతీస్తుంది. ఎముకల్లో దశాబ్దాల పాటు నిల్వ ఉండి, గర్భిణుల్లో ఎముక నుంచి రక్తంలోకి, బిడ్డకు చేరగలదు. మట్టిలో ఆడి, చేతులు నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు కూరగాయల కన్నా మట్టి, దుమ్మే పెద్ద ముప్పు. 2000 సంవత్సరం నాటికి దేశంలో సీసపు పెట్రోలు నిలిచిపోయింది. కానీ అంతకుముందు రోడ్ల పక్కన పేరుకున్న సీసం మట్టిలో ఇంకా ఉంది.

ఆర్సెనిక్ చర్మవ్యాధులకు, క్యాన్సర్లకు కారణమవుతుంది. కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను గుల్ల చేస్తుంది. జపాన్‌లోని జింత్సు నదీ లోయలో గని వ్యర్థాలు పొలాలకు చేరి, ఆ బియ్యం తిన్నవారికి వచ్చిన ఇటాయ్-ఇటాయ్ వ్యాధిని 1968లో ఆ దేశ ప్రభుత్వం కాలుష్య వ్యాధిగా గుర్తించింది.

చట్టాలు

నీటి కాలుష్య చట్టం (1974), గాలి కాలుష్య చట్టం (1981), పర్యావరణ పరిరక్షణ చట్టం (1986), 1989లో మొదలై పలుమార్లు మారిన ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఈ రంగంలో ప్రధానమైనవి. బ్యాటరీ వ్యర్థాలకు 2001లో, తిరిగి 2022లో నిబంధనలు వచ్చాయి. రాజస్థాన్‌లోని బిచ్డీ గ్రామంలో రసాయన కర్మాగారాల బురద నేలను, బావులను పాడుచేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో, పాడుచేసినవారే శుద్ధి ఖర్చు భరించాలన్న సూత్రాన్ని స్థిరపరచింది.

ప్రపంచ బ్యాంకు సాయంతో 2010లో మొదలైన పారిశ్రామిక కాలుష్య నియంత్రణ పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి నూర్ మహమ్మద్ కుంటను, కడప చెత్తడంపును శుద్ధికి ఎంపిక చేశారు. కలుషిత స్థలాలను గుర్తించి, బాధ్యులను తేల్చి, శుద్ధి చేయించే ప్రత్యేక నిబంధనలను కేంద్రం 2025 జులైలో ప్రకటించింది.

శుద్ధి, నివారణ

మొదటి పని మూలాన్ని తొలగించడం. పోసిన వ్యర్థాలను తవ్వి తీసి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి తరలించాలి. తరలించలేని చోట వాన చొరబడకుండా, దుమ్ము లేవకుండా కప్పాలి. ఆ తర్వాతే మట్టి చికిత్స. సీసం ఎక్కువగా ఉంటే ఫాస్ఫేట్, కంపోస్టు దాన్ని కరగని రూపంలోకి మారుస్తాయి. కానీ అదే ఫాస్ఫేట్ ఆర్సెనిక్‌ను మట్టి రేణువుల నుంచి తప్పించి నీటిలోకి వదలగలదు. కాటేదాన్‌లో రెండూ ఉన్నందున ఏ మందు వేయాలన్నది పరీక్ష తర్వాతే నిర్ణయించాలి.

కొన్ని మొక్కలు లోహాలను ఆకుల్లోకి లాగుతాయి. ప్టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ ఆర్సెనిక్‌ను భారీగా కూడబెడుతుందని 2001లో వెల్లడైంది. ఆవ మొక్క మీద కూడా పరిశోధనలు జరిగాయి. అయితే ఈ పద్ధతికి ఏళ్లు పడుతుంది. కోసిన మొక్కలను పశువులకు వేయకుండా ప్రమాదకర వ్యర్థంగానే పారవేయాలి. కలుషిత నేలలో ఆకుకూరల బదులు పూలు, అలంకార మొక్కలు, కలప చెట్లు వేయడం, ఇళ్ల దగ్గర మంచి మట్టి తెచ్చి ఎత్తు మడులు కట్టుకోవడం తక్షణం చేయగల పనులు.

పరీక్షల్లో ఒక లోటు ఉంది. 2015లో మొదలైన నేల ఆరోగ్య కార్డు 12 అంశాలను చూస్తుంది. అవన్నీ పంట పోషణకు, ఉప్పు, ఆమ్ల స్వభావాలకు సంబంధించినవే. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అందులో లేవు. కాటేదాన్ దిగువనో మూసీ ఒడ్డునో సాగు చేసే రైతుకు ఆ కార్డు తన నేల పోషకాల సంగతి చెబుతుంది, విషం సంగతి చెప్పదు. పారిశ్రామిక వాడల చుట్టూ ఉన్న గ్రామాల్లోనైనా ఈ మూడు లోహాలను ఉచితంగా పరీక్షించే ఏర్పాటు అత్యవసరం.

2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పాత పారిశ్రామిక భూములను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునేందుకు విధానం ప్రకటించాక ఈ పరీక్షల అవసరం మరింత పెరిగింది. ఆ విధానం పరిధిలో కాటేదాన్ కూడా ఉంది. సీసానికి పారిశ్రామిక నేలలో ఒప్పుకునే హద్దు, నివాస నేల హద్దుకు నాలుగు రెట్లకు పైనే. కర్మాగారం ఉన్న నేలలో రేపు పిల్లలు ఆడుకోవాలంటే, పునాది తవ్వేముందే ప్రతి ప్లాటు మట్టినీ లోతుల వారీగా పరీక్షించి, ఫలితాన్ని అందరికీ వెల్లడించి, శుద్ధి ఖర్చును ఆ నేలను పాడుచేసినవారి నుంచో, మార్పిడితో లాభపడేవారి నుంచో రాబట్టాలి. తవ్వి తీసిన మట్టిని మరో బస్తీ పక్కన పోయనివ్వకూడదు. నివాస ప్రాంతాలకు లోహాలు చేరిన ముఖ్యమైన దారి అదే కావచ్చని కాటేదాన్ పరిశోధన ఇప్పటికే హెచ్చరించింది.